వేగం పెంచగానే డీలామినేషన్ నిరోధం రెట్టింపు: డీసీబీ టెస్టులో చూడాల్సినవి

డీసీబీ (డబుల్ కాంటిలీవర్ బీమ్) టెస్టు అంటే పొరల నమూనాను ఒక చివర నుంచి రెండు ఆర్మ్‌లుగా విప్పుతూ, డీలామినేషన్‌కి, అంటే పొరలు విడిపోవడానికి, అది ఎంత నిరోధం చూపుతుందో కొలవడం. నిమిషానికి 2 మిల్లీమీటర్ల దగ్గర నిలకడగా వచ్చిన ఈ నిరోధం విలువ సెకనుకు 1 మీటరు దగ్గర రెట్టింపైందంటే, ముందు అనుమానించాల్సింది లోడ్ సెల్‌ని (బలాన్ని కొలిచే సెన్సార్‌ని), మీ కార్బన్ ఎపాక్సీ పదార్థాన్ని కాదు. ఆ వేగంలో గ్రిప్పుల జడత్వం, కంపనాలు కూడా లోడ్‌గానే నమోదవుతాయి.

1. లెక్కలోంచి లోడ్ తీసేయండి. ఆర్మ్‌ల మధ్య తెరుపు, పగులు పొడవు, ఫైబర్ దిశలో మాడ్యులస్ (పదార్థం బిగువు), ఒక్కో ఆర్మ్ మందం చాలు.

2. చాలామంది వదిలేసేది ఇదే: తెరుపును క్రాస్‌హెడ్ (యంత్రంలో కదిలే అడ్డదిమ్మ) నుంచి తీసుకోవద్దు. ఆర్మ్‌లను పట్టి లాగే లోడింగ్ బ్లాకుల దగ్గరే హైస్పీడ్ కెమెరాతో కొలవండి, పగులు కొన కూడా అదే ఫ్రేములో ఉండాలి. పైన చెప్పిన లోడ్ లేని లెక్కలో పగులు పొడవు నాలుగో ఘాతంలో ఉంటుంది. అక్కడ 5 శాతం తప్పితే ఫలితం దాదాపు 20 శాతం తప్పుతుంది.

3. రెండు ఆర్మ్‌లూ సమానంగా తెరుచుకోవాలి, లేకపోతే మోడ్ 2, అంటే పొరలు ఒకదానిపై ఒకటి జారే రకం పగులు, కలుస్తుంది.

పగులు ఆగి ఆగి దూకుతుంటే సగటు తీయకండి. కదిలినప్పటి విలువ, ఆగినప్పటి విలువ విడివిడిగా రాయండి.