గాడుల రేకు మీద స్టిక్కరింగ్ కూడా ఒక కెరీరేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ తర్వాత డిగ్రీలో చేరి మధ్యలో మానేశాడు. ఏడాదిగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేడియం షాపులో పనిచేస్తున్నాడు. కంటైనర్ లారీలకు, డెలివరీ వ్యాన్లకు కంపెనీల పేర్లు, బొమ్మలు అంటించే పని. ఇదే నేర్చుకుంటానంటాడు. ఈ లైనే కావాలంటే కనీసం హైదరాబాద్‌లో కార్ ర్యాపింగ్ (కారుకు రంగు ఫిల్మ్ చుట్టడం), పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే ఫిల్మ్ అంటించడం) కోర్సు చేయిద్దామనుకుంటున్నాం. వారం రోజులకు 60 వేలు అడుగుతున్నారు. రెండింట్లో ఏది మంచిది? మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని బంధువులు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు.
– ఒక తండ్రి, ఉయ్యూరు

జవాబు: మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరిది డెంటింగ్, ఒకరిది ఏసీ రిపేరు. పని పేరు మారుతుంది గానీ ఆ వాక్యం మాత్రం మారదు. మీ అబ్బాయి చెడిపోలేదండీ. ఏడాదిగా మానకుండా పనికి వెళ్తున్నాడు, ఇది నేర్చుకుంటానని నోరు తెరిచి చెబుతున్నాడు. ఆ వయసులో తనకేం కావాలో చెప్పగలిగే పిల్లలు తక్కువ. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

ఇక పని సంగతి. కంటైనర్ పక్కరేకు మిట్టలూ పల్లాలుగా ఉంటుంది. స్టిక్కర్‌ను మిట్ట నుంచి మిట్టకు లాగి అంటించేస్తే ఆ రోజు ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ గాడిలో, అంటే ఆ పల్లంలో, స్టిక్కర్ ఫిల్మ్ కింద గాలి మిగిలిపోతుంది. నాలుగు ఎండలు కాసి, ఒక వాన పడేసరికి అక్కడే లేస్తుంది, దుమ్ము చేరుతుంది, చిరుగుతుంది. అందుకే తెలిసినవాడు ఒక మిట్ట అంటించి, పక్క గాడిలోకి అడుగు దాకా దించి, ఆ తర్వాతే రెండో మిట్టకు వెళ్తాడు. హీట్ గన్ వేడికి ఫిల్మ్ మెత్తబడుతుంటే వేలితోనో చిన్న రోలర్‌తోనో ఒత్తుకుంటూ పోవాలి. మొత్తం అయ్యాక గాడులన్నింటినీ మళ్లీ వేడి చేయాలి, ఈసారి దాదాపు 100 డిగ్రీల దాకా. అప్పుడే సాగిన ఫిల్మ్ వెనక్కి ముడుచుకోకుండా నిలుస్తుంది. వేడి చాలకపోతే లేస్తుంది, మించితే మాడి మెరుపు పోతుంది. ఈ హద్దు చేతికి తెలియాలంటే నెలలు పడుతుంది.

సరుకు కూడా తెలియాలి. స్టిక్కర్ ఫిల్మ్‌ను వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, అందులో రెండు రకాలు. క్యాలెండర్డ్ వినైల్‌ను రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి చేస్తారు. దానికి ముడుచుకునే గుణం ఉంటుంది. క్యాస్ట్ వినైల్‌ను ద్రవంగా పోసి ఆరబెడతారు. సుమారు 50 మైక్రాన్ల పలచన. లోతు గాడుల్లో నమ్మదగినది అదే, పైన వేసే లామినేషన్ కూడా క్యాస్టే కావాలి. కొలత ఇంకో విద్య. మామూలు షిప్పింగ్ కంటైనర్ గాడి లోతు సుమారు 36 మిల్లీమీటర్లు. టేపును ప్రతి గాడిలోకీ నొక్కుతూ కొలిస్తే, 20 అడుగుల పక్కకు అడుగుకు పైగా ఫిల్మ్ అదనంగా పడుతుంది. అది లెక్కలో లేకపోతే కంపెనీ పేరు చివరికొచ్చేసరికి చాలదు.

ఇప్పుడు మీరు మనసుపడ్డ కోర్సు. కారు పని చెడ్డదని అనను, వారం కోర్సు మీదే నాకు అనుమానం. పీపీఎఫ్ మందమైన పారదర్శక ఫిల్మ్, సబ్బునీళ్లు చల్లి జరుపుతూ అంటించేది. ఆ చేతి నైపుణ్యం వేరు, వారంలో పట్టుబడేది కాదు. కారు పెయింట్ మీద బ్లేడు గీత పడిందంటే నష్టం వేలల్లో ఉంటుంది, అందుకే కొత్తవాడి చేతికి ఖరీదైన కారు ఎవరూ ఇవ్వరు. సర్టిఫికెట్ చూపించినా ఓనరు ముందు బానెట్ మీద చేయించి చూస్తాడు. ఇక రంగు మార్చే ర్యాపింగ్. ఆర్సీలో ఉన్న రంగు మారితే రవాణా శాఖ అనుమతి తీసుకుని నమోదు చేయించుకోవాలి. రీల్స్‌లో ఈ మాట ఎవరూ చెప్పరు. ఆ ఖర్చు పెట్టే కస్టమర్లు కూడా ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. సరుకు బండ్లకు అలా కాదు, కంపెనీ లోగో మారినా, బండి పాతబడినా మళ్లీ పని వస్తుంది. డబ్బు కట్టే ముందు ఆ సంస్థను ఒక్కటి అడగండి: వారంలో ఒక్కొక్కరి చేతిలో స్క్వీజీ (ఫిల్మ్‌ను ఒత్తి అంటించే పలక) ఎన్ని గంటలు ఉంటుంది?

ఒక మాట కటువుగానే అంటాను. ఏడాదిలో ఒక్కసారైనా ఆ షాపుకు వెళ్లారా? అబ్బాయి ఏం నేర్చుకున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, బంధువులు మాత్రం ఉన్నారు. ఆ 60 వేలు అబ్బాయి కోసమా, హైదరాబాద్‌లో కోర్సు చేస్తున్నాడని నలుగురికీ చెప్పుకోవడానికా? మీరు నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిచ్చెన మీద పనిచేస్తాడు, కింద ఎవరైనా పట్టుకుంటున్నారా? మిట్టమధ్యాహ్నం కాలుతున్న రేకు మీద జిగురు ఇట్టే పట్టేస్తుంది, పనీ పాడు, ఒళ్లూ పాడు. షెడ్డు ఉందా? ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించారా?

డిగ్రీ గురించి బెంగ ఉంటే దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో కట్టించండి, విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. పని మానక్కర్లేదు. సాయంత్రాలు కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్), కొటేషన్ రాయడం నేర్చుకోమనండి. సరుకు బండ్లకు వెనక ఎరుపు, పక్కన పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టివ్ టేపుల నిబంధన కూడా తెలిసి ఉండాలి. బొమ్మ బాగుందని వాటిని కప్పేస్తే బండికి ఫైన్ పడుతుంది.

వానాకాలానికి ముందు అబ్బాయి చేసిన బండి ఏదైనా, వానలయ్యాక షాపుకొచ్చినప్పుడు వెళ్లి చూడండి. గాడి అడుగున వేలితో నొక్కండి. ఫిల్మ్ గట్టిగా పట్టుకుని ఉంటే కారు కోర్సు సంగతి అతనే తేల్చుకుంటాడు. లేచి ఉంటే ఇంకో ఏడాది ఈ పనే చేయనివ్వండి, వీలైతే ఇంకా నాణ్యంగా చేసే షాపులో.