అంబులెన్సులో ఉద్యోగం మా అమ్మాయికి తగినదేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మళ్లీ రాయమంటే వద్దని, బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ చదువుతానంటోంది. నర్సింగ్ మేలా, ఇది మేలా? ఆడపిల్ల రాత్రిళ్లు అంబులెన్సులో తిరగడమేమిటని బంధువులు అంటున్నారు. ఈ కోర్సుతో ఆస్ట్రేలియా వెళ్లవచ్చని ఒక కన్సల్టెన్సీలో చెప్పారు. నిజమేనా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల మధ్య పోలికే అయినా, మీ మనసులో ఉన్న బాధ అది కాదు. డాక్టరు అవుతుందనుకున్న బిడ్డ అంబులెన్సు ఎక్కుతానంటోందన్నదే మీ బాధ. నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు నా దగ్గరకు ఇదే దిగులుతో వస్తారు.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దుకుందాం. మనవైపు ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవారు, డయాలసిస్ చూసేవారు అందరినీ కలిపి పారామెడికల్ అంటారు. పారామెడిక్ వేరు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి, రోగి ఆసుపత్రి చేరేవరకు ప్రాణం నిలబెట్టడం ఆ మనిషి పని. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైనప్పటి నుంచి ఈ పని చేసేవారిని మనం ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అంటున్నాం.

జాతీయ రహదారిపై లారీ కింద పడిన యువకుడి మెడకు కాలర్ వేసి, వెన్ను కదలకుండా బల్ల మీదికి చేర్చి, రక్తస్రావం ఆపడం ఈఎంటీ అయ్యాక మీ అమ్మాయి బాధ్యత. గుండె ఆగిన మనిషి ఛాతీపై నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, అవసరమైతే యంత్రంతో షాక్ ఇవ్వడం ఆమె నేర్చుకోవలసిన విద్య. పల్లె నుంచి పెద్దాసుపత్రికి వస్తుండగా దారిలోనే కాన్పు అయితే బిడ్డను అందుకుని, బొడ్డుతాడు కోసి, తల్లికి రక్తం పోకుండా చూడవలసిందీ ఆమే. అయితే బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ చేయడం ఆమె పరిధిలో లేదు. రోగనిర్ధారణ చేసి మందులు రాసిచ్చే అధికారమూ లేదు. 108లో చాలా మందులను కాల్ సెంటర్‌లోని డాక్టరును ఫోన్‌లో సంప్రదించి, ఆయన చెప్పిన మోతాదులోనే ఇస్తారు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో, ఏ రోగిని నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలో తెలియడం ఈ వృత్తిలో సగం నైపుణ్యం. ఈ కోర్సు చదివితే సగం డాక్టరు అయినట్టేనని ఏ కళాశాలవారైనా చెబితే, అక్కడ చేర్చకండి.

మీతో కొంచెం కటువుగానే మాట్లాడతాను. అర్ధరాత్రి మీ ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే 108కి ఫోన్ చేస్తారు, వచ్చిన అమ్మాయికి దండం పెడతారు. అదే పనిని మీ అమ్మాయి చేస్తానంటే నామోషీ అంటున్నారు. ఇది న్యాయం కాదు. నర్సింగ్‌లోనూ రాత్రి డ్యూటీలుంటాయి, హౌస్‌సర్జన్లకూ ఉంటాయి. పిల్ల ఎంబీబీఎస్‌లో చేరి ఉంటే రాత్రి డ్యూటీ మాట మీ బంధువులు ఎత్తేవారే కాదు. నిజంగా ఆలోచించవలసిన కష్టాలు వేరే ఉన్నాయి. స్ట్రెచర్లు మోసి నడుము దెబ్బతినడం, 12 గంటల షిఫ్టులు, ఎంత ప్రయత్నించినా కళ్లముందే కొందరు పోవడం. వీటి గురించి అమ్మాయితో మాట్లాడండి.

నర్సింగ్‌తో పోలిక అడిగారు కనుక చెబుతున్నాను. నర్సింగ్‌కు 1947 చట్టం నాటి నుంచి ఆ వృత్తిని నియంత్రించే కౌన్సిల్ ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు పోస్టులున్నాయి. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ వంటి వృత్తులకు జాతీయ స్థాయి చట్టం వచ్చింది 2021లోనే. 108ను ప్రభుత్వం సంస్థల ద్వారా నడిపిస్తోంది కనుక అందులోని కొలువు ప్రభుత్వోద్యోగం కాదు. స్థిరత్వమే ముఖ్యమైతే నర్సింగ్ మేలు. అయితే పెద్ద ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు కూడా ఈఎంటీలను తీసుకుంటాయి కాబట్టి జీవితమంతా అంబులెన్సులోనే గడపాలన్న నియమమేమీ లేదు.

ఇక ఆస్ట్రేలియా. ఈ మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది, నాకు మాత్రం గట్టి అనుమానాలున్నాయి. అక్కడ 2018 డిసెంబరు నుంచి ఆ వృత్తిని నియంత్రించే సంస్థలో రిజిస్ట్రేషన్ లేనివారు పారామెడిక్ అని చెప్పుకోవడమే నేరం. మన డిగ్రీకి ఆ రిజిస్ట్రేషన్ దానంతటదే రాదు. ఒక్కొక్కరి చదువునూ, అనుభవాన్నీ విడిగా పరిశీలిస్తారు. చిక్కు పని పరిధిలోనే ఉంది. ఇక్కడ డాక్టరును అడిగి చేసే ఎన్నో పనులను అక్కడి పారామెడిక్ మార్గదర్శకాలను అనుసరించి స్వయంగా నిర్ణయించి చేస్తారు. పైగా మన 108లో వాహనం నడపడానికి పైలట్ వేరుగా ఉంటారు, అక్కడ పారామెడిక్కులే నడపాలి. బ్రిటన్‌లోనూ రిజిస్ట్రేషన్ తప్పనిసరే. నాలుగేళ్ల ఫీజును విదేశీ ఉద్యోగం మీద ఆశతో కట్టడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ పని చేయడం ఇష్టమైతేనే చేరాలి.

మీ అమ్మాయి నీట్‌లో ఓడిపోయి దీనికి దిగిపోతోందని అనుకోకండి. పద్దెనిమిదేళ్ల పిల్ల తనకేం కావాలో పేరుపెట్టి చెప్పగలగడం నేను రోజూ చూసే విషయం కాదు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం పోవద్దు. 2021 చట్టం ప్రకారం డిప్లొమాకైనా కనీసం రెండేళ్లు, 2000 గంటల చదువు ఉండాలి. కళాశాలకు వెళ్లినప్పుడు విశ్వవిద్యాలయ అనుబంధ పత్రం చూపించమనండి. విద్యార్థులను ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకి పంపుతారో, అంబులెన్సులో ఎన్ని వారాలు తిప్పుతారో, ఇంటర్న్‌షిప్ ఎక్కడో అడగండి. ఆ ప్రశ్నలు మీరు కాకుండా అమ్మాయి చేతే అడిగించండి, మీరు పక్కన కూర్చోండి.