శివారు పల్లె చరిత్ర రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

అమ్మా,

పద్మనాభం దగ్గర మీ అమ్మమ్మగారి పల్లె గురించి నువ్వు రాసింది శ్రద్ధగా చదివాను. మనుషులు బాగా పలికారు. కానీ మొదటి పేజీలో "1930ల నాటికి ఈ ఊరు లేదు" అన్న వాక్యం కొట్టేయ్. సర్వే ఆఫ్ ఇండియా పాత షీటులో పేరు కనపడలేదన్నదొక్కటే నీ ఆధారం. అది చాలదు.

మైలు నేలను అంగుళంలో చూపించే మ్యాపు అది. పది పదిహేను ఇళ్ల పల్లె అందులో రెండు మూడు చుక్కలు, అంతే. చాలాసార్లు పేరుండదు. ఆ చుక్కల కోసం వెతుకు. షీటు అంచున సర్వే చేసిన ఏడాది ఒకటి, అచ్చేసిన ఏడాది ఇంకొకటి ఉంటాయి. నీకు కావలసింది మొదటిది. పాత సర్వేకే రైలుమార్గమో రోడ్డో చేర్చి మళ్లీ అచ్చేయడం కూడా ఉండేది. కాబట్టి 1893-96 మధ్య వేసిన మన రైలుమార్గం కనిపించినంత మాత్రాన పల్లెల వివరాలూ అప్పటివే అనుకోకు. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా సైన్యం మ్యాపుల్లో సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. పల్లె కోసం వాటితో టైమ్ వేస్ట్ చేసుకోకు.

నీకు అసలైన నిధి రెవెన్యూ మ్యాపు. మీది శివారు, అంటే పెద్ద రెవెన్యూ గ్రామానికి చేరిన చిన్న పల్లె గనక దాని పేరుతో అడిగితే లేదంటారు. అసలు రెవెన్యూ గ్రామం పేరుతో గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) అడుగు. 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తర్వాత భూముల హక్కులూ శిస్తూ తేల్చిన సెటిల్‌మెంట్‌లో రాసిన అడంగల్ (ఏ భూమి ఏ రకమో, ఎవరిదో రాసిన రిజిస్టరు) కూడా చూడు. పల్లె ఉన్న చోటు గ్రామకంఠంగా, అంటే ఊరి ఇళ్ల స్థలంగా నమోదైందా, లేక ఎవరి జిరాయితీలోనైనా, అంటే సొంత సాగుభూమిలోనైనా ఇళ్లు లేచాయా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే నీ కథ సగం తేలుతుంది. చెరువు, గెడ్డ (వాగు), పుంత (పశువులూ బళ్లూ నడిచే దారి) ఎటు పోతున్నాయో పటంలో చూసుకుని, ఆ పటం పట్టుకునే ఆ దారిన నడువు. పుంత మలుపు తిరిగిన చోట ఒకప్పుడు ఏముండేదో పశువులు కాసిన ముసలాళ్లకి తెలుస్తుంది.

విజయనగరం రాజుకీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన 1794 పద్మనాభం యుద్ధం తర్వాత మీవాళ్లు ఇక్కడికొచ్చారని మీ తాతగారు చెప్పింది తీసేయకు. ఆయన మాటగానే ఉంచు. ఏ మ్యాపూ దాన్ని రుజువు చెయ్యదు, కొట్టిపారెయ్యనూ లేదు. ఫలానా ఏటికి ఇక్కడ ఇళ్లున్నాయని మాత్రమే అది చెప్పగలదు. నువ్వూ అంతవరకే రాయి. ఆ నిజాయితీ వల్లే పాఠకుడు నీ మిగతా మాటలు నమ్ముతాడు.

గ్రామ పటం నకలు దొరకగానే నాకొకటి పంపు. ఈలోగా ఆ పల్లె చెరువుని ఊళ్లోవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి రాయి. నీ రాతలో దాని పేరెక్కడా లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ