నోటీసులో ఉన్నవాళ్ళే మిగిలారు

అమ్మా,

రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో హెడ్‌కౌంట్, అంటే ఫలానా రోజున ఎంతమంది పనిలో ఉన్నారన్న లెక్క, తీయడం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది. అయితే "రిలీవింగ్ డేట్ ఖాళీగా ఉంటే పవర్ క్వెరీలో 31-12-9999 వేసేస్తే సరి" అన్నచోట ఒళ్ళు మండింది. పవర్ క్వెరీ అంటే డేటాని లోపలికి తెచ్చేముందు సరిచేసే చోటు. అక్కడ అలా వేయించి, తర్వాత పేజీలో క్యాలెండర్‌ఆటో అనే ఫంక్షన్‌తో డేట్ టేబుల్ (తేదీల పట్టిక) చేసుకోమన్నావు. అది మోడల్‌లోని, అంటే రిపోర్టు వెనకున్న పట్టికల్లోని, తేదీలన్నీ వెతికి, ఆఖరి సంవత్సరం దాకా రోజుకో వరుస పరుస్తుంది. 2015 నుంచి 9999 దాకా అంటే 29 లక్షల పైచిలుకు. నీ మాట నమ్మినవాడి గతేమిటి?

ఖాళీని ఖాళీగానే ఉండనియ్. మనిషి ఇంకా పనిలో ఉన్నాడని చెప్పేది అదే. కాకపోతే దాన్ని విడిగా అడగాలి. పవర్ బీఐలో నా మొదటి రిపోర్టుకి నేను అడగలేదు. జాయినింగ్ డేట్ నెలాఖరుకో అంతకు ముందో ఉండాలి, రిలీవింగ్ డేట్ నెలాఖరు దాటాలి, అంతే రాశాను. పోలికలో డాక్స్ (పవర్ బీఐ ఫార్ములాల భాష) ఖాళీని సున్నా అనుకుంటుంది, తేదీల్లో సున్నా అంటే 1899 డిసెంబర్ 30. పనిలో ఉన్నవాళ్ళందరూ మా తాతల కాలంలోనే రిలీవైపోయారన్నమాట! మిగిలింది నోటీస్ పీరియడ్‌లో ఉన్న 14 మంది. మీటింగులో మా పెద్దాయన తెర చూసి, మమ్మల్ని చూసి, "మరి మీరంతా ఎవరయ్యా?" అన్నాడు. ఖాళీయేనా అని అడిగే ఈజ్‌బ్లాంక్ అప్పుడు నేర్చుకున్నాను.

నేను అందరితో మొండిగా వాదించేది ఒకటే. చేరడం, మానడం జరిగే సంగతులు. హెడ్‌కౌంట్ జరిగేది కాదు, ఆ రోజున ఉన్న పరిస్థితి. డేట్ టేబుల్‌నీ ఉద్యోగుల పట్టికనీ కలిపే గీతే రిలేషన్‌షిప్. చేరికలకి ఎప్పుడూ పనిచేసే యాక్టివ్ రిలేషన్‌షిప్, మానినవాళ్ళకి నిద్రపోయే ఇనాక్టివ్‌ది పెట్టి యూజ్‌రిలేషన్‌షిప్ ఫంక్షన్‌తో లేపడం చాలు. హెడ్‌కౌంట్ దగ్గర ఆ యాక్టివ్ గీతే అడ్డు. మార్చి నొక్కితే మార్చిలో చేరినవాళ్ళే కనిపిస్తారు. ఆ మెజర్‌లో (లెక్క కట్టే ఫార్ములాలో) క్రాస్‌ఫిల్టర్ ఫంక్షన్‌తో గీత తెంచి, నెలాఖరు తేదీని చేత్తో పోల్చాలి. నువ్వు దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు. మార్చి 31న రిలీవైనవాడు ఆ నెల లెక్కలోకి వస్తాడా రాడా అన్నది కూడా ఎత్తలేదు. అది హెచ్ఆర్‌ని అడిగి రాయాలి.

ఇదే విషయం ఒకప్పుడు ఒక పత్రికకి పంపాను. ఎడిటర్ గారు హెడ్‌కౌంట్‌ని "శిరోగణన" చేసి, నా మూడు వరుసల పట్టికని చోటు లేదని కొట్టేశారు. పట్టిక లేని శిరోగణన ఎవడికి కావాలి? ఇప్పటికీ కడుపుమంటే.

నీ వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో ఒకావిడ ఉంది. 2019లో మానేసి, పిల్లాడు బడికెళ్ళాక 2022లో తిరిగి చేరినావిడ. నన్ను ఆపింది ఆవిడే. పాత జాయినింగ్ డేట్ మీద కొత్తది దిద్దితే మొదటి సర్వీసంతా మాయం. పాతది ఉంచి రిలీవింగ్ డేట్ చెరిపేస్తే, ఇంట్లో ఉన్న మూడేళ్ళూ ఆఫీసులో ఉన్నట్టే. మనిషికి ఒక వరుస కాదు, చేరిన ప్రతిసారికీ ఒక వరుస ఉండాలి. లెక్కపెట్టేది ఎంప్లాయీ ఐడీని, ఒక్కో ఐడీని ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్‌కౌంట్‌తో. ఆవిడని తెచ్చి మొదటి పేరాలో కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ రాయి.

శీర్షిక గురించీ, ఎక్కడికి పంపాలన్నదాని గురించీ అడిగావు. ముందు ఆవిడ పైకి రానీ.

ఆశీస్సులతో,
మీ మాస్టారు