రస్ట్ ప్రోగ్రామింగ్ భాషకు విడుదల నోట్స్ ఉండగా వారం వారం వార్తాలేఖ ఎందుకు?

విడుదల నోట్స్ పూర్తయిన పనినే చెబుతాయి. వార్తాలేఖ మాత్రం ఇంకా తేలని విషయాలను కూడా ముందే చూపిస్తుంది. రస్ట్ 1.0 వచ్చింది 2015 మేలో. వాడకందారులు నడిపే 'దిస్ వీక్ ఇన్ రస్ట్' 2013లోనే మొదలైంది. అప్పట్లో భాష ఎంత వేగంగా మారేదంటే, నిన్న కంపైల్ అయిన కోడ్ కొత్త వెర్షన్‌లో మొరాయించేది.

ఉదాహరణకు, ఒక ఆర్‌ఎఫ్‌సీ (భాషలో మార్పు కోసం రాసే ప్రతిపాదన) చివరి అభిప్రాయాల దశకు చేరితే గడువు 10 రోజులే. ఆ వారం సంచికలో అది కనబడితే బయటివాళ్లు కూడా టైముకి అభ్యంతరం చెప్పగలరు. అసలు ప్రయోజనం ఇదే.

సంచికలో ఒక మార్పు 'విలీనమైంది' (అంటే రస్ట్ అసలు కోడ్‌లో కలిసింది) అని చూడగానే మన కంపైలర్‌లోకి వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. రాలేదు. ముందు నైట్లీ (రోజూ తయారయ్యే ప్రయోగాత్మక వెర్షన్), తర్వాత 6 వారాలు బీటా (పరీక్ష వెర్షన్), ఆపైనే స్టేబుల్ (అందరూ వాడే స్థిర వెర్షన్). కొన్ని ఫీచర్లయితే ఏళ్ల తరబడి నైట్లీలోనే ఉండిపోతాయి.