పాస్టర్ గారి అబ్బాయి చర్చికి రానంటున్నాడు

ప్రశ్న: మావారు పాస్టర్. మా అబ్బాయికి 21 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఆరాధనలో కీబోర్డు వాయించేవాడు. ఈమధ్య "నాకు నమ్మకం లేదమ్మా, ఉన్నట్టు నటించలేను" అని చర్చి మానేశాడు. నన్ను మాత్రం ప్రతి ఆదివారం బండి మీద గేటు దాకా దింపి వెళ్తాడు. మావారు ఇంట్లో వాడితో మాట్లాడరు. ప్రసంగంలో మాత్రం వాడికి తగిలేలా ఏదో ఒకటి అంటారు, అందరూ తలలు తిప్పి నన్నే చూస్తారు. "ఇల్లు దిద్దుకోలేనివాడు సంఘాన్ని ఏం దిద్దుతాడు" అని సంఘ పెద్దలు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అబద్ధమాడి ఉంటే ఇంట్లో ఈ రభసే ఉండేది కాదు. మనసు ఎక్కడో పెట్టుకుని ఇంకో పదేళ్లు కీబోర్డు వాయించేవాడు. అలా నెట్టుకొచ్చే పిల్లలు పాస్టర్ల ఇళ్లలో తక్కువేం కాదు. మీరు ఒక్క ముక్కలో దాటేశారు గానీ, తాను అడుగుపెట్టనన్న చోటికి తల్లిని వారం వారం దింపుతున్నాడంటే, మీ విశ్వాసం మీద అతనికి కోపం లేదనే నాకనిపిస్తోంది.

పెంపకంలో లోపమని కుమిలిపోకండి. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో, 2020 నాటికి ప్రపంచంలో దాదాపు నాలుగో వంతు జనం ఏ మతానికీ చెందనివాళ్లే. క్రైస్తవ ఇళ్లలో పెరిగి బయటికి వచ్చినవాళ్లు అందులో చాలామంది ఉన్నారు.

పెద్దలు ఎత్తిచూపేది బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం, ఇంటిని ఏలుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడన్న మాట. సమూయేలు కొడుకులు లంచాలు తిన్నారని కూడా అదే బైబిల్లో ఉంది, అయినా సమూయేలు ప్రవక్తగానే ఉన్నాడు. మీవాడు ఎవరి సొమ్మూ తినలేదు. ఈ మాట పెద్దలతో మీవారే అనాలి, మీ చేత అనిపించకూడదు.

ఇక ఆ ప్రసంగాలు ఆగాలి. జవాబు చెప్పుకునే వీలులేని కొడుకుని పుల్పిట్ మీంచి దెప్పడం విశ్వాసానికి సాక్ష్యం ఎలా అవుతుంది? అడిగినవాళ్లకి సాత్వికంతో జవాబివ్వమన్నాడు యేసు శిష్యుడు పేతురు. మీ ఇంట్లో అసలు అడగడమే ఇంకా మొదలు కాలేదు. "ఎక్కడ నమ్మకం పోయింది నాన్నా?" అని మీవారు ఒక్కసారి అడిగి, మధ్యలో బైబిల్ వాక్యం ఎత్తకుండా చివరిదాకా వినాలి. కష్టమే, బోధించే అలవాటున్నవాళ్లకి మరీ కష్టం.

నాలుగో శతాబ్దంలో మోనికా అనే క్రైస్తవ తల్లి, తన విశ్వాసానికి దూరమైన కొడుకు అగస్టీనుతో (తర్వాత పెద్ద క్రైస్తవ గురువైన ఆయనే) వాదించమని ఒక బిషప్‌ను ఏడ్చి బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు, వదిలేసి ప్రార్థన చేసుకోమన్నాడు. అగస్టీను క్రీ.శ. 387లో బాప్తిస్మం తీసుకున్నాడు. మీవాడూ తిరిగొస్తాడని నేను మాటివ్వలేను. వాదన పెట్టుకోని ఆ బిషప్ ఓర్పు మాత్రం మీ ఇద్దరికీ ఇప్పుడు అవసరం.

మీ విషయానికొస్తే, సంఘంలో ఎవరితో చెప్పుకున్నా అది రేపు ప్రార్థన అంశమై ఊరంతా తిరుగుతుంది. సంఘానికి సంబంధం లేని స్నేహితురాలు ఒకరుంటే ఆమెతో మాట్లాడండి. నిద్ర ఇలాగే పట్టకపోతే డాక్టర్‌ని కలవండి, మీవాణ్ణే తీసుకెళ్లమనండి.