పాస్‌బుక్కులో స్విఫ్ట్ కోడ్ లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఖతార్‌లో వెల్డింగ్ పని చేస్తున్నాడు. ఇన్నాళ్లూ అక్కడి ఎక్స్ఛేంజ్ సెంటర్ నుంచి పంపితే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తోనే డబ్బులు పడిపోయేవి. ఈసారి చెల్లెలి పెళ్లికని పెద్ద మొత్తం తన బ్యాంకు నుంచి పంపబోతే స్విఫ్ట్ కోడ్ అడిగారట. మా బ్రాంచిలో అడిగితే ‘మాకు లేదమ్మా, వేరే బ్రాంచిది వాడండి’ అన్నారు. డబ్బులు ఇంకెవరి ఖాతాలోనో పడిపోతాయేమోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పడవమ్మా, టెన్షన్ పడకండి. మీ బ్రాంచివాళ్లు చెప్పింది నిజమే, కాకపోతే ఏ బ్రాంచిదో కూడా వాళ్లే రాసివ్వాల్సింది. స్విఫ్ట్ కోడ్ అంటే దేశాల మధ్య డబ్బు పంపేటప్పుడు బ్యాంకును గుర్తించే కోడ్. విదేశీ లావాదేవీలు చూసే బ్రాంచీలకే ఎక్కువగా అది ఉంటుంది, మిగతావి వాటిదో హెడ్డాఫీసుదో వాడుకుంటాయి. ఆ కోడ్‌తో డబ్బు మీ బ్యాంకు దాకా వస్తుంది, అక్కడి నుంచి మీకు చేరేది ఖాతా నంబరును బట్టే. అందుకే ఆ నంబరూ, పాస్‌బుక్కులో ఉన్నట్టే పేరూ అబ్బాయి చేత ఒకటికి రెండుసార్లు సరిచూపించండి.

ఎక్స్ఛేంజ్ వాళ్లకు మన దేశంలోని బ్యాంకులతో ముందే ఒప్పందం ఉంటుంది, డబ్బు ఇక్కడి నుంచే మీ ఖాతాలో పడేది కాబట్టి ఐఎఫ్‌ఎస్‌సీ సరిపోయింది. స్విఫ్ట్ గడిలో అది పెడితే కుదరదు. స్టేట్ బ్యాంకునే చూడండి, రెండు కోడ్‌లూ ‘ఎస్‌బీఐఎన్’ అనే మొదలవుతాయి, తికమక పడేది ఇక్కడే. ఐదో స్థానం చూస్తే తెలిసిపోతుంది: సున్నా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ, ‘ఐఎన్’ అని దేశం గుర్తు ఉంటే స్విఫ్ట్. ఐఎఫ్‌ఎస్‌సీకి ఎప్పుడూ 11 అక్షరాలు, స్విఫ్ట్‌కు 8 గానీ 11 గానీ. నెట్‌లో దొరికిన కోడ్ మాత్రం వాడొద్దు, బ్రాంచిలో కాగితం మీద రాయించుకోండి.

ఐబాన్ (కొన్ని దేశాల్లో వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు) అడిగితే మన దేశంలో అది లేదు, ఖాతా నంబరే ఇవ్వాలి. ఛార్జీల దగ్గర ‘అవర్’ (OUR) అని ఎంచుకుంటే అక్కడి ఖర్చు, మధ్య బ్యాంకుల ఖర్చు అబ్బాయే కడతాడు, లేదంటే దారిలో కొంత కోత పడి మీకు తగ్గి వస్తుంది. పెళ్లి ఖర్చుకు లెక్క తప్పకూడదు కదా!

నాలుగైదు రోజులైనా రాకపోతే మళ్లీ పంపమని చెప్పకండి. అక్కడి బ్యాంకులో డబ్బు పంపినట్టు చూపే స్విఫ్ట్ కాపీ (2025 దాకా ఎంటీ 103 అనేవారు, ఇప్పుడు పాక్స్ 008) అడిగి తీసుకోమనండి, దాని ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని మీ బ్రాంచిలో చూపిస్తే డబ్బు ఎక్కడ ఆగిందో వాళ్లు వెతకగలరు.